పదిహేను నిమిషాలు

1935 మే 11, శనివారం. అమెరికాలో ఒహైయో రాష్ట్రం, ఏక్రన్ అనే ఊరు. టైర్లకి పేరుపడ్డ ఊరు, గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ పుట్టింది అక్కడే. ఆ ఊళ్ళో మేఫ్లవర్ హోటల్ లాబీలో ముప్ఫైతొమ్మిదేళ్ళ మనిషొకడు అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. పేరు బిల్ విల్సన్. న్యూయార్క్ నుంచి ఒక కంపెనీ వాటాల తగాదా మీద వచ్చి ఓడిపోయాడు. వెంట వచ్చినవాళ్ళు అతన్ని వదిలేసి వెళ్ళిపోయారు. జేబులో మిగిలింది పది డాలర్లో ఎంతో. లాబీకి ఒక చివర బార్, లోపల్నుంచి జనం నవ్వులు. ఇంకో చివర ఊళ్ళోని చర్చిల జాబితా, దాని పక్కన టెలిఫోన్.

బిల్ తాగుడు మానేసి అప్పటికి ఐదు నెలలు. ఒక్క గ్లాసు జింజర్ ఏల్ తాగుతూ కూర్చుంటే ఎవరైనా పరిచయం అవుతారేమో అనుకున్నాడు. ఆ మాట అనుకోగానే భయం వేసింది. వెళ్ళి జాబితాలో కనబడ్డ ఒక పాస్టరుకి ఫోన్ చేశాడు. అడిగింది ఏమిటంటే, ఈ ఊళ్ళో నేను మాట్లాడ్డానికి ఒక తాగుబోతు కావాలి.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఈ విన్నపమే. డాక్టరు కావాలనో, ప్రార్థన చెయ్యమనో, ఇంటికి వెళ్ళడానికి డబ్బు సర్దమనో కాదు. ఇంకో తాగుబోతు కావాలట.

అంతకు ముందు ఐదు నెలలూ బిల్ చేసిన పని తెలిస్తే ఈ విన్నపం ఇంకా విచిత్రంగా ఉంటుంది. అతను వాల్ స్ట్రీట్ బ్రోకరు. 1929 పతనానికి ముందే తాగుడులో పడ్డాడు, తర్వాత పూర్తిగా మునిగాడు. న్యూయార్క్‌లో టౌన్స్ హాస్పిటల్ అని తాగుబోతులకి వైద్యం చేసే చోటుంది. అక్కడ నాలుగోసారి చేరింది 1934 డిసెంబరులో. అక్కడ అతనికి ఒక అనుభవం కలిగింది. గది అంతా వెలుగు నిండినట్టు, కొండ మీద గాలి వీచినట్టు. దేవుడు కనబడ్డాడని అతను నమ్మాడు. అప్పట్లో ఆ హాస్పిటల్లో బెల్లడోనా కలిసిన మందు ఇచ్చేవాళ్ళు, దానివల్ల భ్రమలు కలిగే అవకాశం ఉంది కాబట్టి ఆ వెలుగు ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరిష్టం వాళ్ళది. ఏదైతేనేం, మళ్ళీ తాగలేదు. బయటికి రాగానే ఊళ్ళో తాగుబోతులందరినీ మార్చేస్తానని బయల్దేరాడు. బ్రూక్లిన్‌లో ఇంటికి తెచ్చి కూచోబెట్టి తిండి పెట్టి తన వెలుగు కథ చెప్పేవాడు. ఇల్లు గడిచేది భార్య లోయిస్ ఒక పెద్ద దుకాణంలో చేసే ఉద్యోగం మీద. ఐదు నెలల్లో ఒక్కడంటే ఒక్కడూ మానలేదు. టౌన్స్ హాస్పిటల్ డాక్టర్ సిల్క్‌వర్త్ చివరికి చెప్పాడు, నువ్వు వాళ్ళకి ఉపన్యాసాలు ఇస్తున్నావయ్యా, ముందు జబ్బు సంగతి చెప్పు అని.

ఇక్కడ కాస్త ఆగి నా సంగతి చెప్పాలి. మా నాన్న తాగేవాడు. ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్తలో, అన్ని సమస్యల్లాగే దీన్ని కూడా పరిష్కరించొచ్చని నమ్మకం నాకు. ఎక్సెల్ షీట్ ఒకటి తయారుచేశాను. ఏ రోజు తాగాడు, ఎంత, ఎందుకు అనే కాలమ్స్. రోజూ అమ్మకి ఫోన్ చేసి నింపేవాణ్ణి. నెల తిరిగాక దాన్ని ప్రింట్ తీసుకుని ఇంటికెళ్ళి ఆయన ముందు పెట్టాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, 'పద్నాలుగో తారీకు తప్పురా, ఆ రోజు తాగలేదు' అన్నాడు. అమ్మ వైపు చూశాను. అవును, తనే పొరపాటు చెప్పానంది. నా రెండేళ్ళ ఉపన్యాసాల ఫలితం అది, ఒక సెల్‌లో దిద్దుబాటు.

ఏక్రన్‌కి వద్దాం. ఫోన్ల మీద ఫోన్లు చేయగా చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికింది. గుడ్‌ఇయర్ స్థాపించిన ఫ్రాంక్ సైబర్లింగ్ కోడలు. ఆవిడకి తెలిసిన తాగుబోతు ఒకాయన ఉన్నాడు, ఆయన సర్జన్. పేరు రాబర్ట్ స్మిత్, డాక్టర్ బాబ్. రమ్మని ఫోన్ చేస్తే ఆ శనివారం ఆయన రాలేని స్థితిలో ఉన్నాడు. మర్నాడు మదర్స్ డే అని భార్య ఆన్ కోసం పూలకుండీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, తను వెళ్ళి పడిపోయాడు.

బాబ్ తన తాగుడు గురించి తర్వాత తనే రాసుకున్నాడు. దాచడంలో ఆయన చూపిన ప్రతిభ చూస్తే ముచ్చటేస్తుంది, ఏడుపొస్తుంది. బొగ్గుల డబ్బాలో, విడిచిన బట్టలు జారవిడిచే గొట్టంలో, గుమ్మాల పైచెక్కల మీద, నేలమాళిగ పగుళ్ళలో సీసాలు. రాత్రి తాగితే గాని నిద్ర పట్టదు, నిద్ర పోకపోతే పొద్దున్న కత్తి పట్టుకోలేడు, తాగాలంటే డబ్బు కావాలి, డబ్బుకి పొద్దున్న కత్తి పట్టుకోవాలి. ఈ చక్రంలో పదిహేడేళ్ళు తిరిగాడు.

అందులో దాదాపు పద్నాలుగేళ్ళు అమెరికాలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లో ఉంది, 1920 నుంచి 1933 దాకా. నిషేధం వస్తోందంటే బాబ్ సంతోషించాడట. కొంచెం నిల్వ పెట్టుకుంటాను, అది అయిపోతుంది, ఇక బయటపడతాను అనుకున్నాడు. కానీ ప్రభుత్వం డాక్టర్లకి ఒక కిటికీ తెరిచిపెట్టింది. వైద్యానికి అవసరమైతే విస్కీ చీటీ రాయొచ్చు. బాబ్ టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి ఏదో ఒక పేరు మీద వేలు పెట్టి ఆ పేరున చీటీ రాసుకునేవాడు. తెలుగులో చదివేవాడికి ఇందులో ఇంకో తమాషా కూడా దొరుకుతుంది. మనకి రెండూ మందే.

మా ఇంట్లో ఆ కిటికీ పేరు యానాం. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టేనాటికి నాకు ఆరేళ్ళు. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. యానాం పుదుచ్చేరి కింద ఉంటుంది కాబట్టి మన నిషేధం అక్కడ చెల్లదు. ఆదివారం పొద్దున్నే నాన్న నన్ను బస్సెక్కించి గోదావరి చూపిస్తానని తీసుకెళ్ళేవాడు. గట్టు మీద కూచోబెట్టి బజ్జీల పొట్లం చేతిలో పెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్ళేవాడు. నాకు నిషేధం అంటే గోదావరి, బజ్జీలు. చాలా ఏళ్ళ పాటు ఆ జ్ఞాపకాన్ని నేను మంచి జ్ఞాపకాల్లోనే లెక్కేసుకున్నాను.

ఇది చెప్పి దూబగుంట ఆడవాళ్ళని తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే బాధపడతాను. 1992లో నెల్లూరు జిల్లాలో రోసమ్మ, ఆవిడతో పాటు రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ గాలి జిల్లా దాటి రాష్ట్రమంతా వీచి, సారా వేలంపాటలు ఆగిపోయి, 1993లో సారా నిషేధం వచ్చింది. కూలి డబ్బు ఇంటికి రావడం మొదలైంది. అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది, ఖజానా తట్టుకోలేకపోయింది. ఆ లెక్కలు ఎవరైనా రాయగలరు. చట్టం కొట్టు ఎప్పుడు మూయాలో చెప్పగలదు. సాయంత్రం ఆరు గంటలకి చేతులు వణుకుతున్న మనిషి ఆ గంటని ఎలా దాటాలో దానికి తెలీదు. ఆ గంట గురించి అమెరికాలో తాగుబోతులు ఆలోచించడం మొదలుపెట్టింది కూడా నిషేధం కంటే చాలా ముందు.

1840లో, బాల్టిమోర్‌లో. ఛేజ్ అనేవాడి సారాయి దుకాణంలో రోజూ కలిసి తాగే ఆరుగురు, ఊళ్ళో ఏదో మద్యవ్యతిరేక సభ జరుగుతోందంటే సరదాకి కొందర్ని పంపించారు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక చర్చ జరిగింది, చివరికి ఆరుగురూ కలిసి మానేద్దామని సంఘం పెట్టుకున్నారు. జార్జి వాషింగ్టన్ పేరు పెట్టారు. వారం వారం కలిసి తమ కథలు చెప్పుకోవడమే కార్యక్రమం. అప్పటిదాకా మద్యవ్యతిరేక సంఘాలు తాగనివాళ్ళవి. తాగేవాడు వాళ్ళ దృష్టిలో పోయినవాడే, తాగనివాళ్ళని కాపాడితే చాలు. వాషింగ్టన్ సంఘం పోయినవాణ్ణి పలకరించింది. రెండుమూడేళ్ళలో లక్షల మంది ప్రమాణాల మీద సంతకాలు పెట్టారని చెప్పుకున్నారు. 1842లో స్ప్రింగ్‌ఫీల్డ్ శాఖలో మాట్లాడిన యువ లాయరు ఒకడు, తాగుబోతుల బుద్ధీ మనసూ మనకంటే తక్కువేం కాదు, తిట్టి ఎవణ్ణీ మార్చలేం అన్నాడు. ఆ లాయరు అబ్రహాం లింకన్.

మరి ఆ సంఘం ఏమైంది? కొన్నేళ్ళకే చెదిరిపోయింది. సభలు పెద్ద తమాషా అయిపోయాయి, తాగనివాళ్ళు, రాజకీయాలవాళ్ళు దూరారు, చట్టం తేవాలా వద్దా అని కొట్టుకున్నారు. ప్రమాణం చేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ తాగారు. ప్రమాణం చేసిన మర్నాడు ఏం చెయ్యాలన్నది గట్టిగా ఏర్పాటు చేసుకోలేదు. మనకి ఇది తెలియనిది కాదు. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టని మనుషుల్ని ప్రతి వీధిలోనూ చూశాం. నాన్న మూడుసార్లు వేసుకున్నాడు. చన్నీళ్ళ స్నానం, నల్లబట్టలు, అందరూ స్వామీ అని పిలవడం. అమ్మ ఆ నలభై ఒక్క రోజులు మాత్రమే కొత్త చీరలు కట్టుకునేది. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం ఆయన ఎక్కడుండేవాడో చెప్పక్కర్లేదు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ దీక్షలో నిజంగా పనిచేసింది సన్నిధానం దగ్గర భజన చేసే ఇరవై మంది స్వాములేమోనని. మాలతో పాటు వాళ్ళూ వెళ్ళిపోయేవాళ్ళు.

మే 12, ఆదివారం, సాయంత్రం ఐదు. హెన్రియెట్టా ఉండే గేట్ హౌస్‌కి బాబ్, ఆన్ వచ్చారు. బాబ్‌కి తల పగిలిపోతోంది. పదిహేను నిమిషాలు, అంతకంటే ఒక్క నిమిషం ఉండను అని భార్యతో ఒప్పందం చేసుకుని వచ్చాడు. ఆయన్ని బాగుచెయ్యాలని చూసినవాళ్ళు అప్పటికి చాలామంది. చర్చి వాళ్ళ గుంపు ఒకటి రెండేళ్ళుగా ఆయన కోసం ప్రార్థిస్తోంది. ఈ న్యూయార్క్ వాడూ అదే బాపతనుకున్నాడు.

ఇద్దర్నీ ఒక చిన్న గదిలో వదిలేశారు. బిల్ ఈసారి బాబ్ తాగుడు ఊసెత్తలేదు. తన గురించి చెప్పుకున్నాడు. ఎలా మొదలైంది, ఎలా దాచాడు, ఎన్నిసార్లు ఒట్టు వేశాడు, నిన్న హోటల్లో బార్ చూసి ఎందుకు భయపడ్డాడు. నీతో మాట్లాడకపోతే నేను తాగేస్తాను, అందుకొచ్చాను అన్నాడు. అంటే సాయం చెయ్యడానికి రాలేదు, అడగడానికి వచ్చాడు. బాబ్ బయటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. తాగుడు గురించి పుస్తకాల్లోంచి కాక అనుభవంలోంచి మాట్లాడిన మొదటి మనిషి ఇతనే, నా భాష మాట్లాడాడు అని తర్వాత రాశాడు. వైద్యపరంగా చూస్తే బాబ్‌కి బిల్ కంటే ఎక్కువే తెలుసు. కాబట్టి ఆ ఆరు గంటల్లో చేతులు మారింది సమాచారం మాత్రం కాదు.

కథ ఇక్కడే ముగిస్తే సినిమాలా ఉండేది. కొన్ని వారాలకే బాబ్ డాక్టర్ల మహాసభకి అట్లాంటిక్ సిటీ వెళ్ళి, రైల్లోనే మొదలుపెట్టి, రోజుల తరబడి తాగి, ఎలా ఇల్లు చేరాడో గుర్తులేని స్థితిలో వచ్చాడు. అప్పటికి స్మిత్ దంపతుల ఇంట్లోనే ఉంటున్న బిల్, ఆన్‌తో కలిసి ఆయన్ని మంచానికి అంటిపెట్టుకుని కూచున్నాడు. మూడు రోజుల్లో ఆపరేషన్ ఉంది. ఆ రోజు పొద్దున్న చేతులు నిలవడానికి బిల్ ఒక బీరు సీసా ఇచ్చాడు. బాబ్ తాగిన చివరి మద్యం అదే. ఆపరేషన్ చేశాక సాయంత్రం దాకా ఇంటికి రాలేదు. ఇంట్లో వాళ్ళు భయపడుతున్నారు. ఆయన ఊళ్ళో తిరిగి, ఇన్నాళ్ళూ ముఖం తప్పించి తిరిగిన వాళ్ళ గుమ్మాలెక్కి, నేను తాగుబోతుని, మీకిలా చేశాను అని ఒప్పుకుంటున్నాడు.

(ఆ బీరు ఇవ్వడం వెనక వైద్యం కూడా ఉంది. ఏళ్ళ తరబడి బాగా తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావొచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. ఇప్పుడైతే హాస్పిటల్లో పెట్టి మందులిచ్చి దింపుతారు. రేపట్నుంచి మానేయ్ అని ఇంట్లో తలుపేసి గడియపెట్టేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.)

ఆ రోజు జూన్ 10 అని సంఘం లెక్క, ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా ఏటా జరుపుకుంటారు. అయితే ఆ మహాసభ మొదలైందే జూన్ 10న కాబట్టి అసలు తేదీ 17 అయ్యుండాలని చరిత్ర తవ్వినవాళ్ళు అంటారు. ఏ రోజు మానేశాడో కూడా సరిగ్గా గుర్తులేనంతగా తాగినవాళ్ళు పెట్టిన సంఘం, తేదీ తప్పకుండా ఉంటుందా!

ఆ తర్వాత ఇద్దరూ కలిసి హాస్పిటల్‌కి వెళ్ళి మూడోవాణ్ణి పట్టుకున్నారు. నర్సుల మీద చెయ్యి చేసుకున్నాడని మంచానికి కట్టేసిన లాయరు. అతనూ మానేశాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి వంద మంది దాకా అయ్యారు, 1939లో పుస్తకం వేశారు. ఆ పుస్తకం నేను చదివాను. అమ్మకాల మనిషి రాసిన వచనం, ముప్ఫైల నాటి రేడియో ప్రకటనలా ఉంటుంది. పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన చూసి మొదట్లో నాకు చిరాకేసింది. అప్పటి సభ్యుల్లోనే దేవుణ్ణి నమ్మనివాళ్ళు పోట్లాడి, ఎవరికి అర్థమైన దేవుడు వాళ్ళకి అనే వెసులుబాటు పెట్టించుకున్నారు. నాస్తికులు దెబ్బలాడి దేవుడి వాక్యాన్ని దిద్దించిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ ఉండవు. భార్యలకి చెప్పే మాటలంటూ ఒక అధ్యాయం ఉంది, భార్య రాసినట్టుగానే సాగుతుంది. నేను రాస్తానని లోయిస్ అడిగిందట. బిల్ తనే రాసేసుకున్నాడు. ఆవిడ ఆ బాధ చాలాకాలం మర్చిపోలేదు. 1951లో తాగేవాళ్ళ ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి వేరే సంఘం, అల్-అనాన్, నిలబెట్టినవాళ్ళలో ఆవిడ ఉంది.

డబ్బు విషయం కూడా చెప్పాలి. బిల్‌కి పెద్ద పెద్ద ఆలోచనలుండేవి, జీతాలిచ్చే ప్రచారకులు, హాస్పిటళ్ళు. రాక్‌ఫెల్లర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన, ఎక్కువ డబ్బిస్తే ఇది చెడిపోతుంది అని ఐదు వేల డాలర్లిచ్చి ఊరుకున్నాడు. అప్పుడు నిరాశపడ్డారు గాని, తర్వాత అదే నియమంగా రాసుకున్నారు. బయటివాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదు, మీటింగ్‌లో టోపీ తిరుగుతుంది, ఉన్నవాళ్ళు వేస్తారు. మద్యనిషేధంతో సహా ఏ బయటి గొడవ మీదా సంఘానికి అభిప్రాయం ఉండకూడదు. పేపర్లలో పేర్లు వేసుకోకూడదు. 1950లో క్లీవ్‌లాండ్‌లో ఆమోదించిన ఈ సంప్రదాయాల్ని చదువుతుంటే వాషింగ్టన్ సంఘం చేసిన ఒక్కో తప్పుకీ ఒక్కో గడియ బిగించినట్టుంటుంది. అప్పటికి డాక్టర్ బాబ్‌కి కాన్సర్ ముదిరింది. ఆ నవంబరులో పోయాడు. ఈలోగా ఏక్రన్ హాస్పిటళ్ళలో సుమారు ఐదు వేలమంది తాగుబోతుల్ని ఫీజు తీసుకోకుండా చూశాడని చెబుతారు.

ఇది పనిచేస్తుందా అని అడిగేవాళ్ళకి, 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ఉంది. 27 అధ్యయనాలు, 10,565 మంది. పూర్తిగా మానేసి ఉండడం అనే లెక్కలో ఈ పద్ధతి మిగతా చికిత్సలకి సమానంగానో, కొంత మెరుగ్గానో తేలింది. అందరికీ పనిచెయ్యదు, పనిచేసే మందులూ ఉన్నాయి. కాకపోతే మందు తీసుకునేవాడికి తెలిసి ఇవ్వాలి. ఎవరో చెబితే అమ్మ ఒకసారి మాత్ర పొడిచేసి సాంబారులో కలిపింది. ఆ రాత్రి నాన్న తాగొచ్చాక ముఖం కందగడ్డలా అయి, గుండె దడదడలాడి, ఊపిరాడక చచ్చిపోతాననుకున్నాడు. ఎందుకో తెలిశాక ఆర్నెల్లపాటు అమ్మ చేతి వంట తినలేదు.

భారతదేశంలో ఈ సంఘం 1957లో మొదలైంది. నాన్న దగ్గరికి 2014లో వచ్చింది, ఒక రిటైరైన బస్ కండక్టర్ రూపంలో. ఎవరు పంపారో తెలీదు. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. ఆయన వచ్చి, టీ తాగి, నాన్న వైపు సరిగ్గా చూడకుండా, టికెట్ డబ్బులు తను ఎలా కాజేసేవాడో చెప్పడం మొదలుపెట్టాడు. కూతురి పెళ్ళిరోజు తను ఎక్కడ పడిపోయాడో చెప్పాడు. గోడ అవతల కూచుని వింటున్న నాకు, ఈయన నాన్నకి అసలు విషయం ఎప్పుడు చెబుతాడా అని విసుగొచ్చింది. గంటయ్యాక నాన్న గొంతు వినబడింది. యానాం గురించి చెబుతున్నాడు. పిల్లాణ్ణి గట్టు మీద వదిలేసి వెళ్ళినప్పుడల్లా, తిరిగొచ్చేసరికి ఉంటాడో నీళ్ళల్లో పడతాడో అనుకుంటూనే రెండోది పోయించుకునేవాణ్ణి అన్నాడు. నాకెప్పుడూ చెప్పని మాట అది.

తర్వాత రెండుసార్లు తాగాడు. రెండోసారి తర్వాత ఇప్పటిదాకా లేదు. వారంలో మూడు సాయంత్రాలు ఒక స్కూలు గదిలో మీటింగ్. కొత్తవాళ్ళెవరైనా ఉంటే రాత్రి పదింటికైనా స్కూటర్ తీస్తాడు. అదెవరి కోసం అని ఒకసారి అడిగితే, 'నాకోసమేరా' అన్నాడు.

మొన్న ఈ వ్యాసం రాస్తూ ఫోన్లో ఆయనకి బిల్ విల్సన్ చివరి రోజుల గురించి చెప్పాను. సిగరెట్లు మాత్రం చాలాకాలం మానలేకపోయాడు, ఊపిరితిత్తులు పాడై 1971 జనవరిలో పోయాడు. మంచం పట్టిన ఆఖరి వారాల్లో విస్కీ అడిగాడని నర్సులు రాసుకున్న నోట్స్‌లో ఉందని, ఆయన జీవితచరిత్ర రాసిన సూసన్ చీవర్ బయటపెట్టింది. ఈ విషయం నాన్నకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

'మానేసి ఎన్నేళ్ళు అప్పటికి?' అన్నాడు.

'ముప్ఫైఆరు.'

కాసేపు ఏం మాట్లాడలేదు. 'ఇచ్చారా?'

'లేదు.'

'పక్కన మావాళ్ళు ఎవరూ లేరా?'

మావాళ్ళు అంటే ఎవరో తట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది. తెలీదు నాన్నా, భార్యా నర్సులూ ఉన్నట్టున్నారు అన్నాను.

'ఊఁ' అన్నాడు. ఏడు కావస్తోంది, ఇవాళ కొత్త కుర్రాడొకడు వస్తానన్నాడు, వెళ్ళి తలుపు తియ్యాలి అని ఫోన్ పెట్టేశాడు.